రెండో అగ్గిపుల్ల

మబ్బుల దొరసానికి,

ఇంటి దగ్గర నుంచి మీ ఆయన రాస్తున్న సంగతులు. నీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం చేతికొచ్చింది. గాలిని కొలిచే మీటరు విరిగిపోయినా నువ్వు నిబ్బరంగానే ఉన్నావని చదివి ఊపిరి పీల్చుకున్నాను. ఇక్కడ మేమిద్దరం కూడా క్షేమం అని రాయబోయి కలం ఆపాను. ఆ మాట పోయిన ఉత్తరంలో రాశాను. అంతకుముందు మీ ఆఫీసు వైర్‌లెస్‌లో పంపిన కబురులోనూ చెప్పాను. రెండుసార్లూ అది నిజం కాదు. మూడోసారి రాయాలంటే ముందు జరిగిందంతా చెప్పాలి. కంగారుపడి మధ్యలోనే పడవ కోసం పరుగెత్తకు. మీ అమ్మ ఈ గదిలోనే, నాకు ఎదురుగా కిటికీ దగ్గర కూర్చుని పత్రిక తిరగేస్తోంది. తింటోంది, పడుకుంటోంది, నన్ను తిడుతోంది. పేజీలు మాత్రం ఎడమచేత్తో తిప్పుతోంది.

నువ్వు నాలుగు ప్రశ్నలు వేసి, నేనెక్కడ ఎగ్గొడతానోనని వాటికి నంబర్లు కూడా వేశావు. నాన్న వైర్‌లెస్ సెట్టులో పాత కెపాసిటర్లు మార్చావా అని మొదటిది. ఏరియల్ తీగకి పక్కింటి దర్జీ ఒప్పుకున్నాడా అని రెండోది. ఆ ఆదివారం పదింటికి ఎవరో నిన్ను పిలుస్తూ పిలుస్తూ మధ్యలో తెగిపోయారని, అది నేనేనా, ఎందుకు ఆగానని మూడోది. నా ఉత్తరం చివర అమ్మ ఎప్పుడూ రాసే రెండు వరుసలు ఈసారి లేవేమని నాలుగోది. మొదటి రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలను. మూడూ నాలుగూ నిజానికి ఒకటే ప్రశ్న. ఆ సంగతి నీకు తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

మొదటిది. కాగితం కెపాసిటర్లన్నీ మార్చాను. మామయ్య సెట్టు అటక మీంచి దించి మూత తీస్తే, వాటి మైనం కరిగి కారి అడుగున గడ్డకట్టి ఉంది. రెండు తీగలు ఎలుకలు కొరికాయి, అవీ మార్చాను. మామయ్య పోయాక పన్నెండేళ్ళు పడుకున్న సెట్టుకి ఒక్కసారిగా కరెంటిస్తే పేలిపోతుందని నువ్వు చెప్పిన ప్రకారమే, కరెంటు దారిలో ఒక బల్బు పెట్టి వారం రోజులపాటు కొద్దికొద్దిగా ఇచ్చాను. ఏడో రోజున గాజు వాల్వుల్లో ఎర్రగా వెలుగొచ్చింది. మీ అమ్మ వంటగదిలోంచి బయటికి రాకుండానే, వచ్చిందా అని అడిగింది. ఎలా తెలిసిందంటే వాసన అంది. వేడెక్కిన దుమ్మూ వార్నిషూ కలిసిన ఆ వాసన మామయ్య చొక్కాలన్నిటికీ ఉండేదట.

రెండోది. దర్జీ ఒప్పుకున్నాడు. మన మేడమీది ఇనుప స్తంభం నుంచి ఆయన మేడ పిట్టగోడ దాకా రాగి తీగ లాగాం. మొదట్లో నేను సందేశాలు కొట్టే మోర్స్ కీ నొక్కినప్పుడల్లా ఆయన పాటల పెట్టెలో టకటకమని వినిపించేదట. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి ఒక పెద్దమనిషి కోటుకి ఒక చెయ్యి పొట్టిగా కత్తిరించానని నా మీదికొచ్చాడు. ఆయన పాటల పెట్టెకి ఒక చిన్న తీగచుట్ట తగిలించి ఆ గొడవ తీర్చాను. ఇప్పుడు ఆయనే రోజూ, మీ ఆవిడ పలికిందా అని అడుగుతున్నాడు. ఆయనకి కూడా నేను అబద్ధమే చెప్పి ఉన్నాను.

ఇక అసలు సంగతి. నువ్వు ఆ రాతిదిబ్బ మీద వాతావరణం చూసుకుంటూ ఇంకా ఏడు నెలలుండాలి. పడవ పదిహేను రోజులకొకసారి. మీ రేడియో ఆయన దయతలిచి, ఆదివారం పదింటి నుంచి పావుగంట ఇంటి స్టేషన్ల కోసం చెవి పెడతానన్నప్పటి నుంచీ నాకు వేరే ధ్యాస లేదు. నీ గొంతు కాకపోయినా నువ్వు కొట్టే చుక్కా గీతా వింటే చాలనుకున్నాను. అంతవరకే అయితే బాగుండేది. మామయ్య సెట్టుకి ప్రాణం పోసిన అల్లుడు అనిపించుకోవాలని కూడా నాకుంది. పరీక్ష రాసి తెచ్చుకున్న లైసెన్సుని గోడకి తగిలించి వచ్చినవాళ్ళందరికీ చూపించాను. ఈ గొప్పల పిచ్చి గురించి దాచుకోవడం దేనికి, నీకు తెలిసిందే.

ఆ సెట్టుకి ఉన్న పక్క తలుపు నీకు గుర్తుండే ఉంటుంది. తలుపు మూసి ఉంటే దాని అంచు లోపలి స్విచ్చి బొత్తాన్ని నొక్కి పట్టుకుంటుంది. తెరవగానే బొత్తం బయటికొస్తుంది, లోపల పన్నెండువందల ఓల్టులూ తెగిపోతాయి. ఆ బొత్తంతోపాటే ఒక ఇత్తడి రేకు కిందికి జారి, కెపాసిటర్లలో మిగిలిన కాస్త కరెంటునీ నేలలోకి దించేస్తుంది. ఇది మామయ్య తన చేతులతో చేసినది. ఇంట్లో ఆడవాళ్ళూ చిన్నపిల్లా తిరుగుతుంటారని మొదట తలుపు చేసి, తర్వాతే సెట్టు చేశాడట. ఆ చిన్నపిల్లవి నువ్వే. అందుకని మీ ఇంట్లో ఒక అలవాటు. నడుస్తుండగా వాల్వు నెత్తిమీది క్లిప్పు వదులైతే, మీ అమ్మ మెయిన్ ఆపదు, మీటరు చూడదు. తలుపు తెరుస్తుంది, మసిగుడ్డతో క్లిప్పు నొక్కుతుంది, తలుపు మూస్తుంది. తెరిచిన తలుపంటే ఆమెకి చచ్చిన సెట్టు అని లెక్క. మామయ్య ఉన్నన్నాళ్ళూ ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

తలుపు స్విచ్చుల గురించి ఇంకొకరు నాకు చెప్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళుగా లిఫ్టు మెకానిక్కుని. తలుపు పూర్తిగా పడకపోతే లిఫ్టు కదలకూడదు, నా ఉద్యోగమంతా అంతే. రిపేరు చేసేటప్పుడు ఆ స్విచ్చిని తప్పించి నడిపించాల్సి వస్తుంది. అందుకు ఒక తీగ ముక్క పెడతాం. దానికి ఎర్రగుడ్డ కట్టి, గుడ్డ రెండో కొస మన మణికట్టుకి ముడేసుకోవాలని మా మేస్త్రీ నేర్పాడు. తీగ తీయకుండా అక్కణ్ణుంచి కదలబోతే చెయ్యి లాగి గుర్తుచేస్తుంది. పోయినేడు మాలో ఒకడు గుడ్డ కట్టకుండా పనిచేస్తే అందరి ముందూ నిలబెట్టి కడిగేశాను. నీకు ఆ రోజు ఇంటికొచ్చి చెప్పాను కూడా, నువ్వు మరీ అంత గట్టిగా అనాల్సింది కాదేమో అన్నావు.

ఆ ఆదివారం తొమ్మిదింటికే కూర్చున్నాం. నేను కీ దగ్గర, మీ అమ్మ సెట్టు పక్కన ముక్కాలి పీటమీద. ఏరియల్ సరిచేస్తుంటే మీటరు ముల్లు ఒకచోట నిలవడంలేదు. వాల్వు లోపలి రేకు మరీ ఎర్రబడుతోందేమో చూద్దామంటే తలుపుకున్న చిన్న అద్దం పొగచూరి ఉంది. తలుపు తీస్తే కరెంటు పోతుంది, మూస్తే కనపడదు. గడియారంలో పదికి పది నిమిషాలు తక్కువ. మీ అమ్మ మంచినీళ్ళకని లోపలికి వెళ్ళింది. నేను తలుపు తెరిచి, స్విచ్చి బొత్తాన్ని లోపలికి నొక్కి, అది పైకి రాకుండా సందులో అగ్గిపుల్ల ఇరికించాను.

రెండు నిమిషాల పని అనుకున్నాను. రెండు నిమిషాల్లోనే అయింది కూడా. తలుపు తెరిచి ఉండగా వాల్వు చూసుకుంటూ మరలు తిప్పాను, ముల్లు నిలబడింది. ఆ సంబరంలో తలుపు మూసేశాను. పుల్ల లోపలే ఉంది. బయటినుంచి చూస్తే ఏ తేడా లేదు. చేతికి ఎర్రగుడ్డ కట్టుకుని ఉంటే అది నన్ను లాగేది.

మీ అమ్మ వచ్చి కూర్చుంది. సరిగ్గా పదింటికి నీ స్టేషన్‌ని పిలిచే గుర్తు అక్షరాలు మూడుసార్లు కొట్టాను. ఆ తర్వాత మన అక్షరాలు మొదలుపెట్టాను. అప్పుడే ముల్లు మళ్ళీ ఊగింది. మీ అమ్మ, ఆ క్లిప్పే, మీ మామయ్య రోజుల్నించీ ఇంతే, అంటూ ఒళ్ళోని మసిగుడ్డ తీసి తలుపు తెరిచింది. నా కళ్ళు మీటరు మీద ఉన్నాయి. తలుపు తెరుచుకున్న క్షణంలో ముల్లు సున్నాకి పడాలి. పడలేదు. ఎందుకు పడలేదో నాకు తెలుసు. అత్తయ్యా అనడానికి నోరు తెరిచేలోగా ఆమె చెయ్యి లోపలికి వెళ్ళింది. నా వేలు ఇంకా కీ మీదే ఉంది. నువ్వు విన్న ఆ తెగిపోయిన అక్షరం అదే.

పెద్ద చప్పుడేమీ రాలేదు. ఎండుపుల్ల విరిగినంత చిన్న చిటుకు. ఆమె పీటతో సహా వెనక్కి పడి బీరువాకి తగిలింది. నేను గోడమీది మెయిన్ లాగేసి ఆమె దగ్గరికెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి, ఊపిరి మాత్రం అందడంలేదు. నాకు ఆ ముఖం తప్ప ఇంకేదీ గుర్తులేదు. దర్జీ ఎప్పుడొచ్చాడో, ఆయన బండిలో ఆమెనెలా ఎక్కించామో ఆయన చెబితేనే తెలిసింది. దారి పొడుగునా ఆమె చెయ్యి పట్టుకుని నీ పేరే జపించాను. నీకేం చెప్పాలో తెలియక.

కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ కాలాయి. పెట్టె అంచుకి ఆనిన మోచేతి దగ్గర ఇంకో గాయం. గుండె లయ తప్పిందేమోనని మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి చూశారు. తప్పలేదు. ఇది నిజం, కాగితాలు జత చేస్తున్నాను, నువ్వే చూసుకో. మొదటిరోజు డాక్టరమ్మ, రెండో చెయ్యి ఆ టైములో ఎక్కడుందని అడిగింది. నడుము వెనక ఉందన్నాను. ఒక చెయ్యి లోపలుంటే రెండోది వెనక పెట్టుకోవాలని మామయ్య పెట్టిన నియమం, మీ అమ్మకి కూరలో పోపు వేసేటప్పుడు కూడా చెయ్యి అలాగే వెనక్కి వెళుతుందని నువ్వు నవ్వేదానివి. అదే కాపాడిందంది డాక్టరమ్మ. రెండో చెయ్యి కూడా ఇనుము మీద ఉంటే కరెంటు గుండెలోంచి పోయేదట. చూపుడువేలు ఇకమీదట పూర్తిగా వంగకపోవచ్చు. నీకు కీ పట్టుకోవడం నేర్పిన వేలు అది. దాన్ని పాడుచేసింది నేను.

ఆ సాయంత్రమే మీ ఆఫీసుకెళ్ళి నీకు కబురు పంపించాను. కరెంటు పోయింది, అందుకే ఆగింది, అందరం క్షేమం అని. నీకు తెలిస్తే తుఫాను రోజుల్లో దొరికిన పడవెక్కేస్తావని భయపడ్డానని అనుకున్నాను. అది సగమే. మిగతా సగం నీ మొహం చూడాల్సి వస్తుందన్న భయం.

ఇప్పటిదాకా రాసింది తప్పు. ఇక ముందు రాయబోయేది పాపం. ఆసుపత్రిలో రెండోరోజు మీ అమ్మకి మాట బాగా వచ్చింది. నా వైపు తిరిగి, స్విచ్చి పాతబడి పట్టేసి ఉంటుంది కదూ అంది. నేను తల ఊపాను. ఊపడం చాలా తేలికగా ఉంది. దర్జీకి కూడా అదే చెప్పాను. ఆమె పైకప్పు వైపు చూస్తూ, "ఆయన చేసిన పని నన్ను కరుస్తుందని ఎప్పుడూ అనుకోలేదు" అంది.

ఆ తర్వాత ఎనిమిది రోజులు మామయ్య మాట ఎత్తలేదు. ఇంటికొచ్చాక గోడమీది ఆయన ఫోటో వైపు చూడటం కూడా మానేసింది. తిండి తగ్గింది. వేలి నొప్పి అనుకున్నారు చూసిపోవడానికి వచ్చినవాళ్ళు. నాకు తెలుసు అది వేలి నొప్పి కాదని. చచ్చిపోయిన మనిషి మీద నా నేరం పెట్టి, ఆమెకి మందుబిళ్ళలు ఇస్తూ, దిండు సర్దుతూ, ఇలాంటి అల్లుడు దొరకడు అని చూడవచ్చినవాళ్ళ చేత అనిపించుకుంటూ తిరిగాను. ఆ వారంలోనే నీకు రెండో అబద్ధం ఉత్తరంగా రాశాను. చివర ఆమెని రెండు వరుసలు రాయమని అడగలేదు. అడిగితే కుడిచెయ్యి బయటపడుతుంది.

పదోరోజు పొద్దున ఆ స్విచ్చి విప్పి తెమ్మంది. ఆయన ఎక్కడ తప్పుచేశాడో నా కళ్ళతో చూస్తానంది. అగ్గిపుల్ల ఎప్పుడో తీసి జేబులో పెట్టుకున్నాను. చొక్కా మార్చినప్పుడల్లా ఆ జేబులోంచి ఈ జేబులోకి మారుస్తూనే ఉన్నాను, పారేయడానికి చెయ్యి రాలేదు. స్విచ్చి విప్పి ఇచ్చాను. కిటికీ దగ్గర ఎండలో కూర్చుని దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నొక్కి వదలడం మొదలుపెట్టింది. నొక్కితే ఒక టిక్కు, వదిలితే ఒక టిక్కు. పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. నేను లిఫ్టుల పనికి వెళ్ళాల్సినవాణ్ణి వెళ్ళలేకపోయాను. గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ప్రతి టిక్కుకీ ఈసారైనా ఇది పట్టేస్తే బాగుండునని కోరుకున్నాను. అంత నీచంగా ఆలోచించాను. అది ఒక్కసారి కూడా పట్టేయలేదు.

చివరికి ఆపి, "రెండొందలు. ఒక్కసారీ తప్పలేదు. మరి ఆ రోజేమైంది దీనికి?" అంది. నన్ను అడగలేదు. దాన్నే అడిగింది.

జేబులోంచి పుల్ల తీసి ఆమె ముందు బల్లమీద పెట్టాను. చెప్పాను. తల ఎత్తకుండా అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. పుల్ల వైపు చూసి, స్విచ్చిని చెంగుతో తుడిచింది. "అయితే దీని తప్పేం లేదన్నమాట. పోయిన మనిషిని పదిరోజులు మనసులో ఆడిపోసుకున్నాను నేను" అంది. అప్పుడు ఏడ్చింది. కరెంటు తగిలినప్పుడు ఏడవని మనిషి. నేను కాళ్ళ దగ్గర కూర్చోబోతే అక్కర్లేదని చెయ్యి అడ్డంపెట్టింది. కళ్ళు తుడుచుకున్నాక, "మీ లిఫ్టుల్లో కూడా ఇలాగేనా అల్లుడుగారూ?" అని ఒక్క ముక్క అడిగింది.

పెళ్ళైన కొత్తలో మీ అమ్మ నన్ను మీరు అనేదని, రెండేళ్ళకి నువ్వులోకి దిగిందని నీకు తెలుసు కదా. కోపమొస్తేనే మళ్ళీ మీరు. ఆ రోజు నుంచీ నేను మీరులోనే ఉన్నాను. అన్నం పెట్టుకోండి, తలుపు వేసుకోండి, స్నానానికి నీళ్ళు కాగాయండి. పరాయింట్లో ఉన్నట్టుంది.

ఆ మర్నాడు పనికి వెళ్ళి, పోయినేడు నేను కడిగేసినవాణ్ణి పక్కకి పిలిచి జరిగింది చెప్పాను. వాడు తన సంచిలోంచి ఎర్రగుడ్డ ముక్క ఒకటి చించి నా చేతికిచ్చాడు. దాన్ని తెచ్చి సెట్టు తలుపు పిడికి కట్టాను. స్విచ్చి మళ్ళీ బిగించాను. బొత్తం చుట్టూ రేకు తొడిగి, పుల్ల కాదు వెంట్రుక కూడా దూరే సందు లేకుండా చేశాను. అద్దం తీసేసి కొత్తది వేశాను. ఆ అద్దం ముందే మార్చి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు, అరగంట పని.

గురువారం నీ ఉత్తరం వచ్చింది. మీ అమ్మ చదివిపెట్టమంటే చదివాను, మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఆమె ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని తనే చదువుకుంది. కరెంటు పోయిందని రాశారా అని అడిగింది. అవునన్నాను. ఉత్తరం మడతపెట్టి, మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"ఒక పుల్ల తీసి బల్లమీద పెట్టారు, బాగుంది. ఇంకోటి అమ్మాయి దగ్గర ఇరికించి ఉంచారు. మీరు క్షేమం అంటే అది క్షేమమే అనుకుని అక్కడ నిశ్చింతగా పడుకుంటుంది, నేను ఆ తలుపుని నమ్మినట్టే. అది తీసేదాకా నేను ఆ పెట్టె ముందు కూర్చోను."

నేను మూడు రోజులు తప్పించుకు తిరిగాను. తుఫానులు తగ్గాక రాద్దామన్నాను, నువ్వు వచ్చాక ఎదురుగా చెబుదామన్నాను. ఆమె వాదించలేదు. అలాగే మీ ఇష్టం అంది. ఆ మీ ఇష్టం భరించడం తిట్లు భరించడం కంటే కష్టం. రేపు పడవ పోతుంది. అందుకని ఈ పొద్దున సెలవు పెట్టి కూర్చున్నాను. ఇదీ జరిగింది. నేను నీ తల్లిని చంపబోయాను, మీ నాన్న మీద నేరం వేశాను, నీతో అబద్ధమాడాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. నువ్వు ఆ ఆదివారం తెగిపోయిన పిలుపు విని ఎంత కలవరపడ్డావో నీ ఉత్తరంలో ఒక్క వరుసే రాశావు, కానీ ఆ వరుస కింద కలం రెండుసార్లు గీసి ఉంది. చూశాను.

ఇక్కడిదాకా రాసి ఆపాను. మళ్ళీ మొదలుపెట్టేసరికి రెండు గంటలైంది. మధ్యలో జరిగింది కూడా రాయాలి.

మీ అమ్మ పత్రిక పక్కన పెట్టి, ఏం రాశారో చదవండి అంది. మొదటినుంచీ చదివాను. వింటూ ఒకటి రెండు తప్పులు పట్టింది. స్విచ్చి నొక్కింది రెండొందలు కాదట, నూట ఎనభై మూడు, బొటనవేలు నొప్పెట్టి ఆపేసి రౌండుగా రెండొందలు అందట. కోటు చెయ్యి పొట్టిగా కత్తిరించింది నా టకటకలకి కాదట, దర్జీ కళ్ళజోడు మార్చుకోవాలట. చివరిదాకా విని, ఉత్తరం అలాగే పంపుతారా, మళ్ళీ తీసి రాస్తారా అని అడిగింది. అలాగే పంపుతానన్నాను. ఆమె లేచి సెట్టు దగ్గరికెళ్ళి పీట లాక్కుని కూర్చుంది.

ఏరియల్ విప్పి దాని బదులు బల్బు తగిలించి, సెట్టు వేడెక్కనిచ్చి, హైవోల్టు వేశాను. నేను కీ నొక్కితే బల్బు వెలిగింది, ముల్లు లేచి నిలబడింది. నొక్కే ఉంచమంది. నొక్కే ఉంచాను. కట్టుకట్టిన కుడిచెయ్యి నడుము వెనక పెట్టుకుంది. అప్పుడు నాకు అర్థమైంది ఏం చేయబోతోందో. వద్దు అత్తయ్యా, ముందు నేను పెడతాను అన్నాను. విన్నట్టు లేదు. ఆమె ముల్లు వైపు చూడలేదు, తలుపు వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది.

"సరిచేశారా?"

"చేశాను."

తలుపు తెరిచి ఎడమచెయ్యి లోపల పెట్టింది. ఆమెకి మిగిలిన మంచి చెయ్యి అదొక్కటే. బల్బు ఆరిపోయింది, ముల్లు సున్నా మీద పడి ఉంది, నా రెండో చెయ్యి గోడమీది మెయిన్ పిడిని ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు విప్పడానికి కాస్త సమయం పట్టింది. ఆమె క్లిప్పు నొక్కి, అటూ ఇటూ కదిపి చూసి, తలుపు మూసింది. బల్బు మళ్ళీ వెలిగింది. క్లిప్పు ఇప్పుడు బాగా పట్టిందని, కీ మీంచి చెయ్యి తీయమని, అన్నం చల్లారిపోతోందని, నువ్వు ముందు కూర్చో నేను వడ్డిస్తానని అంది. నువ్వు అంది. నేను అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను. రాయకుండా ఉందామనుకున్నాను కానీ ఈ ఉత్తరంలో ఏదీ దాచకూడదని ఒప్పందం.

ఇక నీ వంతు. నా మీద కోపం తగ్గాలని అడగను. నీ నిశ్చింత నేను మళ్ళీ సంపాదించుకోవాలి, దానికి ఎన్నాళ్ళు పట్టినా సరే. ఆదివారం పదింటికి మాత్రం చెవిపెట్టు. కీ మీ అమ్మ పడుతుంది, ఎడమచేత్తో. వారం నుంచి బల్లమీద చెంచాతో అభ్యాసం చేస్తోందని నాకు ఇవాళే తెలిసింది. నెమ్మదిగా వస్తుంది, గీతలు మరీ పొడుగ్గా వస్తాయి. వేళాకోళం చేయకు. నాతో మాట్లాడాలనిపిస్తే పావుగంటలో చివరి రెండు నిమిషాలు నాకుంచు, అనిపించకపోతే మొత్తం ఆమెకే ఇచ్చెయ్.

ఇక్కడ మేమిద్దరం క్షేమం.

ఇట్లు,
నీ భర్త, మీ అమ్మకి మళ్ళీ అల్లుడు

(అంచున, ఎడమచేతి రాతతో)
అమ్మా, ఇతన్ని తిట్టాల్సినవన్నీ నేనే తిట్టేశాను, నీకేమీ మిగల్చలేదు. వేలు వంగకపోతే వంగకపోయింది, మీ నాన్న తలుపు మాత్రం బాగానే ఉంది. ఆదివారం విను.
ఇట్లు, అమ్మ